విన్న కథకు కొత్త చిగుళ్ళు

“ఏదో ఉడుతాభక్తిగా ఈ కొంచెం సమర్పించుకుంటున్నాను” అనే మాట తెలుగునాట తరచు వినబడుతుంది. బడికి గది కట్టించేటప్పుడు చందా ఇచ్చే రైతు ఈ మాట అంటాడు. పెళ్ళింట పనికి చేయి అందించిన పొరుగింటి ఇల్లాలు ఈ మాట అంటుంది. సేతువు కట్టే వానరుల నడుమ తిరుగుతూ, ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను వారధిపై దులిపివచ్చిన ఉడుత కథ ఎరుగని తెలుగువారు అరుదు. అయితే వాల్మీకి రామాయణంలో ఎంత వెదికినా ఆ ఉడుత కనబడదు. తెలుగులో అది 13వ శతాబ్దికి చెందిన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. పర్ణశాల ముందు లక్ష్మణుడు గీసిన గీత కూడ వాల్మీకి అరణ్యకాండలో లేదు. అయినా ‘లక్ష్మణరేఖ’ అనే మాట నేడు న్యాయస్థానాల వాదనలలోను, పత్రికల శీర్షికలలోను నిలిచిపోయింది.

మూలంలో లేనివి ఇంతగా జాతి నాలుకపై ఎట్లా నిలిచాయి? రామకథను పదేపదే విన్నవారిలో ఎవరికో ఒక సందేహం కలిగి ఉంటుంది. కొండలు మోసే బలవంతులకే రామకార్యంలో చోటు ఉంటే, బలంలేని అల్పప్రాణి మాటేమిటి? ఆ సందేహానికి జవాబుగా ఉడుత పుట్టింది. కథను ప్రేమించిన శ్రోత ఆ కథలో తనవంటివానికి ఒక చోటు కల్పించుకున్నాడు. వినడం అక్కడ సృష్టిగా మారింది.

ఒకరు చెప్పిన కథను ప్రేమించి, అందులోని పాత్రలతో, లోకంతో అభిమానులు అల్లుకొనే కొత్త కథలను నేడు ప్రపంచం ‘ఫ్యాన్ ఫిక్షన్’ అని పిలుస్తున్నది. తెలుగులో దీనిని అభిమాన కల్పన అనవచ్చు. ఆంగ్ల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో తన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్‌ను ఒక కథలో చంపివేసినప్పుడు పాఠకులు ఊరుకోలేదు. పత్రికకు నిరసన లేఖలు పంపారు. హోమ్స్ పాత్రతో ఇతరులు తమ కథలు తాము వ్రాసుకున్నారు. చివరకు డాయిల్ 1903లో హోమ్స్‌ను తిరిగి బ్రతికించవలసివచ్చింది. అమెరికాలో 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ ధారావాహిక అభిమానులు, 1967 నాటికే సొంత పత్రిక అచ్చువేసుకొని అందులో తమ కల్పనలను ప్రకటించారు. జపానులో అభిమానులు గీసిన బొమ్మల కథల పుస్తకాలకు 1975 నుంచి టోక్యోలో ప్రత్యేకమైన సంత జరుగుతున్నది. అభిమానులే స్వచ్ఛందంగా నడుపుకొనే ఒక కల్పనా భాండాగారానికి 2019లో విజ్ఞానకల్పనా సాహిత్యరంగంలో ప్రసిద్ధమైన హ్యూగో పురస్కారం లభించింది.

ఈ పేరు కొత్తదే గాని, ఈ పని తెలుగువారికి కొత్తది కాదు. భక్తితో చేసిన కల్పనను, వినోదానికి చేసిన కల్పనను ఒకే గాటన కట్టరాదు. కాని ‘ఈ కథ ఇంతటితో ముగియరాదు’ అనే కోరిక రెండింటికీ మూలం. ఆ కోరిక పల్లెప్రజల చేతలలో ఎట్లా రూపుదాల్చుతుందో చూడగోరేవారికి పశ్చిమ కర్నూలు ప్రాంతం తగిన చోటు.

కర్నూలు జిల్లాకు పడమటి అంచున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపొందిన ఊరు. ఎమ్మిగనూరు నేతకు పుట్టినిల్లు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ పట్టణానికి దేశంలో గుర్తింపు తెచ్చింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అందువల్ల ఇక్కడి వీధులలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినబడతాయి. ఒక భాషలో విన్న కథను మరొక భాషలో చెప్పుకోవడం ఇక్కడివారికి నిత్యకృత్యం.

ఆ బళ్ళారి తెలుగు నాటకరంగానికి పెట్టని కోట. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని ప్రసిద్ధిగన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడ సరసవినోదినీ సభను నెలకొల్పాడు. భారతంలోని నలుని కథను ‘చిత్రనళీయం’గా, ప్రజల నోట నలిగిన సారంగధరుని కథను ‘విషాద సారంగధర’గా రంగస్థలంపైకి తెచ్చాడు. ఆయనకు సమకాలికుడైన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) విజయనగర పతనాన్ని నాటకంగా మలిచాడు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) న్యాయవాదిగా పనిచేస్తూనే మహానటుడుగా కీర్తి గడించాడు. వీరందరు పాతకథలనే తీసుకున్నారు. అయినా ప్రేక్షకుడు ‘ఇది నాకు తెలిసిన కథే’ అని లేచిపోలేదు. తెలిసిన కథను కొత్తగా చూడవచ్చునని టిక్కెట్టు కొనుక్కొని వచ్చాడు.

పట్టణాలలో వికసించిన ఆ నాటకం క్రమంగా పల్లెలకు చేరింది. రాయలసీమ గ్రామాలలో ఉగాదికో, శ్రీరామనవమికో, ఊరి జాతరకో పౌరాణిక పద్యనాటకం వేయడం ఆచారమైంది. ఆ నాటకాలు వేసేవారు వృత్తినటులు కారు. పగలు గుంటక తోలిన రైతు, మగ్గంపై కూర్చున్న నేతగాడు, అంగడి కట్టివేసి వచ్చిన వర్తకుడు రాత్రివేళ నాటకాల అయ్యవారి ముందు కూర్చుంటారు. హార్మోనియం శ్రుతిలో పద్యం నేర్చుకుంటారు. చదువురానివాడు విని కంఠస్థం చేస్తాడు. చదువు వచ్చినవాడు నోటుపుస్తకంలో వ్రాసుకుంటాడు. ఇట్లా నెలల తరబడి సాధన సాగుతుంది. ఖర్చును పాత్రధారులే పంచుకుంటారు. కిరీటాలు, భుజకీర్తులు, తెరలు డ్రెస్సు కంపెనీనుంచి అద్దెకు వస్తాయి. డబ్బు రాకపోగా చేతిది వదిలే ఈ పనికి వారిని పురికొల్పేది ఒక్కటే. చిన్ననాటినుంచి తాము ఆరాధించిన శ్రీకృష్ణుడుగానో, అర్జునుడుగానో ఒక్క రాత్రి తాము నిలబడాలి.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. తెల్లవార్లు సాగే నాటకంలో ఒకే పాత్రను ఒకరికంటె ఎక్కువమంది ధరిస్తారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వారిని పిలుస్తారు. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది. ఊరివారికి మాత్రం ఇది సహజం. ఒక కృష్ణుడు రాగాలాపనలో దిట్ట. మరొక కృష్ణుడు మాటకారి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు ప్రేక్షకులకు ముందే తెలుసు. తరువాత రాబోయే పద్యం ఏదో తెలిసి కూడ, దానిని ఈ నటుడు ఎట్లా ఎత్తుకుంటాడా అని వారు ఎదురుచూస్తారు. నచ్చితే ‘వన్స్‌మోర్’ అని కేకవేస్తారు. పద్యం తప్పితే ముందువరుసలోని ముసలాయన అందిస్తాడు. నటునికీ ప్రేక్షకునికీ నడుమ గోడ లేదు. నిన్నటి ప్రేక్షకుడే నేటి నటుడు. నేటి నటుని ఒడిలో నిద్రపోయే బాలుడు రేపటి నటుడు.

తోలుబొమ్మలాటలో ఈ స్వేచ్ఛ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెరపై రామరావణ యుద్ధం సాగుతుండగా నడుమ కేతిగాడు, బంగారక్క ప్రవేశిస్తారు. వీరు వాల్మీకికి తెలియరు, వ్యాసునికి తెలియరు. ఊరి నీటి కరవును, సంత ధరలను, అత్తాకోడళ్ళ తగవులను హాస్యంగా చెప్పి వెళ్ళిపోతారు. ఆ హాస్యంతో లంకానగరం ప్రేక్షకుల ఊరి పొలిమేరలకు వచ్చినట్లవుతుంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు ఈ కళలో కృషికిగాను 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

అభిమాన కల్పన ఇచ్చే ఆనందం ఒక్క విధమైనది కాదు. మొదటిది ఖాళీలను పూరించే ఆనందం. రాముని వెంట లక్ష్మణుడు అడవికి వెళ్ళినప్పుడు అయోధ్యలో మిగిలిన ఊర్మిళ పదునాలుగేండ్లు ఏమైనది? కావ్యం ఆమెను మరచింది. తెలుగు స్త్రీలు మరువలేదు. వారు పాడుకొన్న ‘ఊర్మిళాదేవి నిద్ర’లో ఆమె ఆ కాలమంతా నిద్రలో గడుపుతుంది. తిరిగివచ్చిన భర్తను గుర్తించక, పరపురుషుడని భావించి మందలిస్తుంది. ఎదురుచూపు ఎంత బరువైనదో ఎరిగినవారే ఆ పాట కట్టగలరు. ఇటువంటి స్త్రీల పాటలలోని రామాయణాన్ని పరిశోధకుడు వెల్చేరు నారాయణరావు 1991లో ఒక ఆంగ్లవ్యాసంలో ప్రపంచానికి పరిచయం చేశాడు.

రెండవది ‘ఇట్లా జరిగితే?’ అని ఊహించే ఆనందం. కృష్ణార్జునులు ప్రాణమిత్రులు. వారిద్దరికీ యుద్ధమే వస్తే ఎవరు గెలుస్తారు? పిల్లలకు తోచే ఈ ప్రశ్ననుంచి గయోపాఖ్యానం పుట్టింది. గయుడనే గంధర్వుడు తెలియక ఉమిసిన తాంబూలం శ్రీకృష్ణుని దోసిలిలో పడుతుంది. కృష్ణుడు అతనిని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. సంగతి తెలియక అర్జునుడు గయునికి అభయమిస్తాడు. వ్యాసభారతంలో లేని ఈ కథను చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) నాటకంగా వ్రాయగా తెలుగునాట అది ఊరూరా ఆడింది. గెలుపు ఎవరిదన్న కుతూహలంతో మొదలైన కథ, మాట గొప్పదా స్నేహం గొప్పదా అన్న ధర్మసందేహం వద్ద ప్రేక్షకుని నిలబెడుతుంది.

మూడవది తెలిసిన వ్యక్తులను తెలియని కథలోకి పంపే ఆనందం. 16వ శతాబ్దిలో నంద్యాల కృష్ణరాజు ఆదరణలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రచించాడు. అందులో నారదుడు, తుంబురుడు, రంభ, నలకూబరుడు అందరూ పురాణాలలో పరిచితులే. కాని కథ సూరన సొంతం. తుంబురుని గానంపై అసూయపడిన నారదుడు, శ్రీకృష్ణుని అంతఃపురంలో రాణుల వద్ద సంగీతం నేర్చుకుంటాడు. దేవర్షికి సంగీత పాఠం పెట్టించిన ఆ ఊహలో, తాను ఎంతో ఇష్టపడే పాత్రను మెల్లగా ఆటపట్టించే అభిమాని చిరునవ్వు తోస్తుంది.

ఈ ఆనందాలన్నీ ఒక్కచోట చేరినది మాయాబజారు కథ. బలరామునికి శశిరేఖ అనే కూతురు ఉన్నట్లు వ్యాసుడు చెప్పలేదు. అభిమన్యుని భార్యగా భారతం ఎరిగినది ఉత్తరనే. పద్మవ్యూహంలో బాల్యం వీడకుండానే నేలకొరిగిన అభిమన్యునికి కొంత సంతోషం దక్కి ఉండాలని ప్రజలు కోరుకున్నారో ఏమో, అతనికి ఒక ప్రేమకథ అల్లారు. మరాఠీ, తమిళ ప్రాంతాలలో ఆమె పేరు వత్సల. సురభి నాటక సమాజాల వారు ఈ కథను రంగస్థలంపై అద్భుతంగా ప్రదర్శించారు. తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో విజయావారు నిర్మించిన చలనచిత్రం దీనిని ఇంటింటి కథగా చేసింది. పాండవుల కథే అయినా, ఆ చిత్రంలో పాండవులు ఎక్కడా తెరపై కనిపించరు. భారతంలో ఓరగా నిలిచిన ఘటోత్కచుడు ఇక్కడ కథను నడిపే నాయకుడయ్యాడు. మూలంలో అంచున ఉన్నవానిని నడుమకు తేవడం అభిమాన కల్పనకు ముఖ్య లక్షణం.

ఆధునిక కాలంలో ఈ కల్పన ప్రశ్నించే గొంతును కూడ సంతరించుకున్నది. ఓల్గా రచించిన ‘విముక్త’ కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. మూలకథ ఒకచోట చేర్చని స్త్రీలు ఇక్కడ మనసు విప్పి మాట్లాడుకుంటారు. ఈ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కథతో విభేదించాలన్నా దానిని లోతుగా చదివి ఉండాలి.

ఈ స్వేచ్ఛకు హద్దులు లేవా? ఉన్నాయి. ఆ హద్దులే దీనికి రుచిని ఇస్తాయి. భీముని ఎక్కడికైనా పంపవచ్చు, ఎవరితోనైనా పోరాడించవచ్చు. కాని భీముడు పిరికివాడు కారాదు. ధర్మరాజు అబద్ధమాడితే దానికి బలమైన కారణం చూపాలి. దీనినే అలంకారికులు ఔచిత్యం అన్నారు. పల్లెలోని ప్రేక్షకునికి ఆ పేరు తెలియకపోవచ్చు. ‘కృష్ణుడు ఆ మాట అనడు’ అని మాత్రం అతడు తడుముకోకుండ చెప్పగలడు. గడులు గీసిన నేలపైనే పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడతారు. గడులు చెరిపివేస్తే ఆటే లేదు.

చందమామ పత్రికలోని బేతాళ కథలు ఇందుకు చక్కని నిదర్శనం. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జులైలో ఆ పత్రికను స్థాపించారు. మాయాబజారు నిర్మించిన విజయా సంస్థ కూడ వీరిదే. ప్రాచీన సంస్కృత గ్రంథంలోని బేతాళ కథలు ఇరవైఐదు. చందమామ అంతటితో ఆగలేదు. విక్రమార్కుడు, శవంలోని బేతాళుడు, చివరి ప్రశ్న, మౌనభంగం అనే చట్రాన్ని నిలుపుకొని, అందులో వందలకొద్దీ కొత్త కథలను దశాబ్దాల తరబడి ప్రకటించింది. చదివి పెరిగిన పిల్లలు పెద్దవారై కథలు వ్రాసి పంపారు. చట్రం ఒకటే కావడం వారికి అడ్డు కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని కొత్త రచయితకు అది చేతికర్ర అయింది.

ఇతరుల కథను వాడుకోవడం దొంగతనం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. రామాయణ భారతాలు జాతి ఉమ్మడి సొత్తు. వాటిపై ఎవరైనా కొత్త కథ అల్లవచ్చు. నేటి రచయితల విషయం వేరు. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత జీవించినంత కాలమూ, ఆయన మరణానంతరం 60 సంవత్సరాలూ సాహిత్యరచనపై హక్కు ఉంటుంది. ఇష్టమైన నవలలోని పాత్రతో కథ వ్రాసుకొని మిత్రులకు చదివి వినిపించడం ఒకటి, అనుమతి లేకుండ దానిని అచ్చువేసి అమ్ముకోవడం మరొకటి. చట్టానికి మించినది మర్యాద. ఎవరి పాదు నుంచి తీగ తెచ్చామో వారి పేరు చెప్పుకోవాలి. మన కవులు కావ్యారంభంలో పూర్వకవులకు నమస్కరించింది ఈ మర్యాదతోనే.

అభిమానానికి మరొక ముఖం కూడ ఉన్నది. నటుని నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకం చేయడం, మరొక నటుని అభిమానులతో కలహించడం అభిమానమనే పేరుతోనే జరుగుతున్నాయి. ఆ ఉత్సాహం చిత్రం విడుదలైన వారానికి చల్లారుతుంది. ఒక పద్యం నేర్చుకొన్నవానికి ఆ పద్యం జీవితాంతం తోడుంటుంది. ఒక పాత్రకు కొత్త సన్నివేశం ఊహించినవాడు మనిషి మనసును అర్థంచేసుకోవడం నేర్చుకుంటాడు. అభిమానం చేతికి పని కల్పించినప్పుడే అది మనిషిని పెంచుతుంది.

నేడు ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో ఈ సంప్రదాయం క్లిష్టదశలో ఉన్నది. వానలు నమ్మరాని ఈ మెట్టప్రాంతం నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగళూరు వంటి నగరాలకు కూలిపనులకై వలసపోతున్నాయి. దీనినే స్థానికులు ‘సుగ్గికి పోవడం’ అంటారు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. నెలల తరబడి ఒకచోట కూర్చుని సాధన చేయవలసిన నాటకానికి పాత్రధారులు దొరకడం కష్టమైంది. ఇంటింటికి టెలివిజన్, చేతిచేతికి చరవాణి వచ్చాక కథలకు కొరత లేదు. అయితే అవి అడగకుండానే వచ్చి, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండానే పోతున్నాయి. కథ చెప్పేవారు ఎక్కడో ఉన్నారు. వినేవారు మాత్రమే ఇక్కడ మిగులుతున్నారు. ఈ ఎడబాటు పెరిగితే నష్టపోయేది నాటకం ఒక్కటే కాదు. ‘ఈ కథలో నాకూ చోటున్నది’ అనే ధైర్యం నష్టమవుతుంది.

ఆ ధైర్యాన్ని నిలుపుకోవడానికి రంగస్థలమే కావాలని లేదు. చరవాణిలో కథ చూసిన బాలిక, దాని ముగింపు నచ్చక, నోటుపుస్తకం చివరి పుటలలో తన ముగింపు వ్రాసుకోవచ్చు. వలస వెళ్ళిన చోట గుడిసె ముందు కూర్చున్న అవ్వ, మిరపకోతల అలసటలో మనుమనికి ఘటోత్కచుని కథ చెబుతూ అందులో ఒక సుగ్గికూలీని చేర్చవచ్చు. రామసేతువుపై ఉడుతకు చోటు దొరికినది ఇట్లాగే. కొండలు మోసినవారి పేర్లను కావ్యాలు దాచాయి. ఇసుకరేణువులు మోసిన ఉడుతను మాత్రం వినేవారే కథలోకి తెచ్చి నిలుపుకున్నారు.

అర్థాలు

వారధి : సేతువు, వంతెన
గుంటక : కలుపు తీయడానికి, నేల చదును చేయడానికి వాడే వ్యవసాయ పనిముట్టు
భుజకీర్తులు : భుజాలపై ధరించే ఆభరణాలు
ఉపాఖ్యానం : పెద్దకథలో అంతర్భాగమైన చిన్నకథ
ఔచిత్యం : తగినట్లుగా ఉండడం
చరవాణి : సెల్‌ఫోన్

ప్రశ్నలు

1. ‘ఉడుతాభక్తి’ అనే మాట వెనుక ఉన్న కథ ఎట్లా పుట్టి ఉంటుందని పాఠం సూచిస్తున్నది?
2. పల్లెలలోని పద్యనాటక ప్రదర్శన విధానాన్ని వివరించండి.
3. అభిమాన కల్పన ఇచ్చే ఆనందాలను ఉదాహరణలతో తెలపండి.
4. ‘హద్దులే దీనికి రుచిని ఇస్తాయి’ అన్న వాక్యాన్ని సమర్థించండి.
5. మీకు నచ్చిన కథలో ఎవరూ పట్టించుకోని ఒక పాత్రను ఎన్నుకొని, ఆ పాత్రకు ఒక కొత్త సన్నివేశం కల్పించి వ్రాయండి.